తాడోబానా, కబినీనా, నల్లమలా, పాపికొండలా? ఫ్రెండ్స్ గ్యాంగ్‌కి ఏ అడవి సరిపోతుంది

అడవికి వెళ్దామని ఫ్రెండ్స్ గ్రూపులో ఎవరైనా అనగానే వచ్చే మొదటి ప్రశ్న "పులి కనిపిస్తుందా?" అని. ఆ ప్రశ్న పట్టుకుని ఊరు ఎంచుకుంటే సగం మంది నిరాశగా తిరిగొస్తారు. నేనైతే ఇంకో ప్రశ్నతో మొదలుపెట్టమంటాను. పులి కనిపించకపోయినా ఆ రెండు మూడు రోజులు మీ గ్యాంగ్‌కి నచ్చాలంటే అక్కడ ఇంకేం ఉండాలి? ఏనుగులా, నీళ్లా, నడకా, ఫొటోలా, రాత్రి కూర్చుని కబుర్లా? దీనికి మీవాళ్లు చెప్పే జవాబును బట్టి అడవి మారిపోతుంది.

హైదరాబాద్, విజయవాడ, రాజమండ్రి వైపు నుంచి మూడు నాలుగు రోజుల సెలవులో వెళ్లిరాగలిగినవి నాలుగు తీసుకున్నాను: మహారాష్ట్రలోని తాడోబా, కర్ణాటకలో నాగరహొళె నేషనల్ పార్కుకు చెందిన కబినీ, మన నల్లమల, గోదావరి మీద పాపికొండలు. వీటిలో నల్లమల కాగితాల మీద నేషనల్ పార్కు కాదు, టైగర్ రిజర్వ్. దగ్గరలో ఉన్న పెద్ద అడవి అదే కాబట్టి వదిలేయడం కుదరదు.

ముందు ఒక లెక్క చూడండి. 2022 పులుల గణనలో నాగరహొళెలో 141 పులులు, తాడోబాలో 97 తేలాయి. ఈ అంకెలు చూసి కబినీ వెళ్తేనే పులి కనిపించే అవకాశం ఎక్కువ అనుకుంటారు. చూడటానికి వచ్చేసరికి చాలామంది అనుభవం తాడోబా వైపే ఉంటుంది. కారణం అడవి తీరు. తాడోబా టేకు, వెదురు ఉన్న పొడి అడవి. ఎండాకాలం వచ్చేసరికి ఆకు రాలిపోయి లోపలికి చూపు ఆనుతుంది. నీళ్లు కొన్ని చెరువులకు, కుంటలకు పరిమితమవుతాయి. సఫారీ బాటలు వాటి పక్కగానే వెళ్తాయి. నాగరహొళె తేమ ఎక్కువున్న అడవి, పొదలు దట్టం, లాంటానా అనే కలుపు పొద విపరీతంగా అల్లుకుపోయి ఉంటుంది. పది అడుగుల అవతల పులి పడుకుని ఉన్నా తెలియదు. ఎన్ని పులులున్నాయనేది ఒక సంగతి, అవి మన కంట పడతాయా లేదా అనేది వేరే సంగతి.

తాడోబా: పులి మీదే మనసున్న వాళ్లకి

చంద్రపూర్ జిల్లాలో ఉన్న ఈ అడవి 1955లో నేషనల్ పార్కు అయింది. పక్కనున్న అంధారీ అభయారణ్యాన్ని కలిపి 1995లో టైగర్ రిజర్వ్ చేశారు. తెలంగాణ వాళ్లకి ఇది నిజంగా పొరుగు అడవి. కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ అడవుల్లోకి వచ్చే పులుల్లో చాలావరకు ఈ వైపు నుంచి వచ్చేవే. సికింద్రాబాద్ నుంచీ విజయవాడ నుంచీ ఢిల్లీ వైపు వెళ్లే రైళ్లు చాలావరకు బల్లార్షాలో ఆగుతాయి. అక్కడి నుంచి చంద్రపూర్ పక్కనే. చంద్రపూర్ మీదుగా వెళ్లేవాళ్లకి మొహర్లీ గేటు దగ్గర. నాగ్‌పూర్‌కి ఫ్లైట్‌లో వెళ్తే కోలారా గేటు చూసుకోవడం సులువు. గేటు సంగతి ముందే తేల్చుకోవాలి. మొహర్లీలో సఫారీ, కోలారాలో రూమ్ బుక్ చేసుకుంటే తెల్లవారుజామున గంటల ప్రయాణం నెత్తిన పడుతుంది. బుకింగ్‌లలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.

ఇక్కడ సఫారీ ఓపెన్ జిప్సీలో. ఒక జిప్సీకి పర్యాటకులు ఆరుగురు, డ్రైవర్, గైడ్ అదనం. ఫ్రెండ్స్ గ్యాంగ్‌కి ఈ ఆరు అనే అంకె చాలా ముఖ్యం. ఆరుగురైతే బండి మొత్తం మీదే, ఖర్చు సమానంగా పంచుకోవచ్చు. ఏడుగురో ఎనిమిదిమందో అయితే రెండు బండ్లు కావాలి, తలకి పడే ఖర్చు పెరుగుతుంది. పైగా ఒక బండివాళ్లకి పులి కనిపించి రెండో బండివాళ్లకి కనిపించకపోతే ఆ సాయంత్రం మూడ్ వేరేగా ఉంటుంది. రెండు బండ్లు తప్పనప్పుడు ఒక్కో సఫారీకి మనుషుల్ని మార్చి కూర్చోబెట్టండి. కెమెరాలు ఉన్నవాళ్లంతా ఒకే బండిలో ఎక్కితే వాళ్లకీ హాయి, మిగతావాళ్లకీ హాయి. ఫొటోల వాళ్లు ఒక్క పిట్ట దగ్గర ఇరవై నిమిషాలు ఆగమంటారు, మిగతావాళ్లకి అది విసుగు.

అడవి నడిమి భాగమైన కోర్ ఏరియాలోకి సెల్‌ఫోన్ తీసుకెళ్లనివ్వరు. కెమెరా లేకపోతే ఫొటోలు ఉండవు. ఇది మీ గ్యాంగ్‌లో ఎంతమందికి సమ్మతమో వెళ్లేముందే అడగండి. నా మటుకు నాకు ఇది అడవికి జరిగిన మంచి. ఫోన్లు ఉన్నప్పుడు పులి కనిపించిందన్న కబురు క్షణాల్లో పాకి, బండ్లన్నీ ఒకే చోట గుమిగూడి, పులికి దాటడానికి దారి లేకుండా చేసేవి. ఫోన్ లేని నాలుగు గంటల్లో చెవులు పనిచేయడం మొదలుపెడతాయి. తాడోబాలో చెవులే ముఖ్యం. చుక్కల దుప్పి కీచుమని అరుస్తుంది, కొండముచ్చు చెట్టు మీది నుంచి దగ్గినట్టు అరుస్తుంది, గైడ్ వెంటనే ఇంజిన్ ఆపమంటాడు. దుప్పి ఒక్కోసారి ఊరికే బెదిరి కూడా అరుస్తుంది. కణుజు (సాంబర్) అరిచిందంటే మాత్రం గైడ్ ముఖం మారుతుంది, ఎందుకంటే అది పులినో చిరుతనో పసిగట్టకుండా అరవడం తక్కువ. అప్పుడు బండిలో ఎవరూ మాట్లాడకుండా పది నిమిషాలు కూర్చోవాలి. ఆ పది నిమిషాలు కూర్చోలేని గ్యాంగ్‌కి తాడోబా దండగ.

ఎప్పుడు వెళ్లాలి? పులి కోసమే అయితే ఏప్రిల్, మే. అయితే చంద్రపూర్ ఎండ అంటే ఆషామాషీ కాదు, 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మధ్యాహ్నం సఫారీ పైకప్పు లేని బండిలోనే. బీపీ ఉన్నవాళ్లు, ఎండ పడనివాళ్లు గ్యాంగ్‌లో ఉంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లండి. పులి కనిపించే అవకాశం కొంత తగ్గుతుంది కానీ అడవి పచ్చగా, పొద్దున మంచుతో అందంగా ఉంటుంది. ఆ నెలల్లో తెల్లవారుజామున జిప్సీలో గాలి ముఖానికి కొడుతుంటే చలి ఎముకల్లోకి దిగుతుంది, మంకీ క్యాప్ మొహమాటపడకుండా పెట్టుకోండి. జూలై నుంచి సెప్టెంబర్ దాకా కోర్ మూసేస్తారు. మంగళవారం సెలవు. సోమ, మంగళ, బుధ అని ప్లాన్ వేసుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

కోర్ టికెట్లు దొరకలేదని ట్రిప్ మానుకోవాల్సిన పని లేదు. కోర్ చుట్టూ ఉన్న బఫర్ అడవిలోకి అగర్‌జరీ, జునోనా, మదనాపూర్ లాంటి గేట్లున్నాయి. పులికి కోర్, బఫర్ అనే గీత తెలియదు కాబట్టి బఫర్‌లో కూడా బాగానే కనిపిస్తాయి. నాకు నచ్చే పద్ధతి రెండు కోర్, ఒకటి బఫర్. ఒక్క సఫారీకే అంత దూరం వెళ్లకండి, కనీసం మూడు ఉండాలి. పులి కనిపించకపోతే మిగిలేది ఏమిటంటే అడవిదున్న, ఎలుగుబంటి, రేచుకుక్కల గుంపు, తాడోబా చెరువులో మొసళ్లు. రేచుకుక్కలు వేటాడటం చూడగలిగితే అది పులిని చూసినదానికి ఏమాత్రం తక్కువ కాదని నా అభిప్రాయం.

కబినీ: అందరికీ ఏదో ఒకటి దొరికే చోటు

కబినీ నది మీద 1974లో కట్టిన డ్యామ్ వల్ల ఏర్పడిన బ్యాక్‌వాటర్స్ ఒక వైపు నాగరహొళెకి, ఇంకో వైపు బందీపూర్‌కి మధ్యన పరుచుకుని ఉంటాయి. ఎండాకాలంలో నీరు వెనక్కి తగ్గేకొద్దీ ఒడ్డున పచ్చిగడ్డి మొలుస్తుంది. చుట్టుపక్కల అడవుల్లో కుంటలు ఎండిపోయిన ఏనుగులు గుంపులు గుంపులుగా ఇక్కడికి దిగుతాయి. మార్చి నుంచి మే దాకా సాయంత్రాలు ఆ గడ్డి మైదానంలో ఏనుగుల గుంపులు కనిపించడం కబినీకే ప్రత్యేకం. ముసలి ఆడ ఏనుగు ముందు నడుస్తుంటే పిల్లల్ని మధ్యలో పెట్టుకుని మిగతావి కదలడం ఎంతసేపు చూసినా తనివి తీరదు. నాగరహొళె, బందీపూర్, ముదుమలై, వయనాడ్ అడవులు కలిసే ఉన్నాయి, ఆసియా ఏనుగులు ప్రపంచంలో అత్యధికంగా బతుకుతున్న ప్రాంతాల్లో ఇదొకటి.

తాడోబాలో పులి తప్పిపోతే బండిలో మూడొంతుల మంది ముఖాలు వేలాడతాయి. కబినీలో ఆ టెన్షన్ ఉండదు. జీపు సఫారీ ఒక పూట, బోటు సఫారీ ఒక పూట చేయొచ్చు. బోటు మీద మొసళ్లు, నీటిపిల్లులు, నీటికాకులు, చలికాలంలో చేపల్ని పట్టే డేగలు కనిపిస్తాయి. సఫారీ మీద పెద్దగా ఆసక్తి లేనివాళ్లు కూడా నీటి ఒడ్డున కూర్చుని రోజు గడిపేయొచ్చు. గ్యాంగ్‌లో భార్యాభర్తలు, పిల్లలు, అమ్మానాన్నలు కలిసి వస్తుంటే నేను ఆలోచించకుండా కబినీ అంటాను.

ఇబ్బంది డబ్బు దగ్గర. ఇక్కడ తాడోబాలా మనమే జిప్సీ మాట్లాడుకుని వెళ్లే పద్ధతి లేదు. సఫారీలు కర్ణాటక ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్ అండ్ రిసార్ట్స్ చేతిలో ఉంటాయి. రిసార్టుల్లో బస, భోజనం, సఫారీ కలిపి ఒకే ప్యాకేజీ, తలకి ఇంత అని. ఆరుగురు వెళ్లినంత మాత్రాన తలకి పడే ఖర్చు తగ్గదు. చవగ్గా కావాలంటే దమ్మనకట్టె గేటు నుంచి బస్సు సఫారీ ఉంది. బస్సులో ఎత్తు మీది నుంచి చూపు బాగానే ఉంటుంది, కానీ ముప్పై మంది నిశ్శబ్దంగా ఉండటం కష్టం. ఖర్చు గురించి మొహమాటపడే ఫ్రెండ్ మీ గ్యాంగ్‌లో ఉంటే కబినీ ప్రస్తావన తెచ్చేముందు తనతో విడిగా ఒక మాట మాట్లాడండి. అందరి ముందు "నా వల్ల కాదు" అని చెప్పాల్సిన పరిస్థితి తనకి తేకండి.

ఇంటర్నెట్‌లో కబినీ నల్ల చిరుత ఫొటోలు చూసి దాని కోసం వెళ్లేవాళ్లున్నారు. అంత పెద్ద అడవిలో ఒకటీ అరా ఉండే జంతువు అది. దాని మీద ఆశ పెట్టుకుని అంత ఖర్చు చేయొద్దు. మామూలు చిరుత మాత్రం ఇక్కడ టేకు కొమ్మల మీద కనిపిస్తుంటుంది, తాడోబా కన్నా ఇక్కడే దాన్ని చూసే అవకాశం ఎక్కువని నా నమ్మకం.

ఇంకో ముఖ్యమైన సంగతి. 2025 నవంబర్‌లో మైసూరు జిల్లా ఊళ్లలో పులి దాడుల్లో మనుషులు చనిపోయాక నాగరహొళె, బందీపూర్ సఫారీలను కర్ణాటక ప్రభుత్వం ఆపేసింది. ఇలాంటివి మళ్లీ జరగొచ్చు. కాబట్టి ఫ్లైట్ టికెట్ కొనకముందే ఆ వారంలో సఫారీ నడుస్తోందా, ఆపేస్తే డబ్బు తిరిగిస్తారా అని రిసార్టును అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి. అడవి పక్కన బతికే రైతు ప్రాణం కన్నా మన సెలవు ముఖ్యం కాదు, ఆపేస్తే విసుక్కోకండి.

ప్రయాణం కొంచెం దూరమే. హైదరాబాద్ నుంచి మైసూరు చేరి, అక్కడి నుంచి కారులో రెండు గంటలకు పైగా. బెంగళూరులో దిగితే ఐదు గంటల వరకు వేసుకోండి. బెంగళూరులో ఉన్న తెలుగువాళ్లకైతే ఇది వారాంతపు ట్రిప్.

నల్లమల: సెలవు తక్కువ, డబ్బు తక్కువ

హైదరాబాద్ నుంచి శ్రీశైలం దారిలో సుమారు 140 కిలోమీటర్లు వెళ్తే మన్ననూరు చెక్‌పోస్టు. అక్కడి నుంచి నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు, అంటే తాడోబా కన్నా పెద్దది. ఇంత పెద్ద అడవిలో పులులు పలచగా ఉంటాయి కాబట్టి పులిని చూస్తామని బయలుదేరకండి. చుక్కల దుప్పులు, నెమళ్లు, కొండముచ్చులు, మనుబోతులు (నీల్‌గాయ్), అదృష్టం బాగుంటే ఎలుగుబంటి.

మరి ఎందుకు వెళ్లాలంటే, ఇక్కడి అడవిని చెంచు గైడ్ పక్కన ఉండి చూపిస్తాడు. మన భాషలో. తెల్లటి బెరడుతో మెరిసే తపసి చెట్టు నుంచి బంక ఎలా తీస్తారో, తేనె కోసం కొండ అంచు నుంచి తాడు మీద ఎలా దిగుతారో, ఏ అడుగు ఏ జంతువుదో ఆయన నోటి నుంచి వింటే వేరుగా ఉంటుంది. తాడోబాలోనూ కబినీలోనూ గైడ్‌తో హిందీలోనో ఇంగ్లీషులోనో ముక్కలు ముక్కలుగా మాట్లాడుకోవాలి. ఇక్కడ మీరు అడిగినంత చెప్తారు. అటవీశాఖ మన్ననూరులో బస, సఫారీ కలిపి ఇచ్చే ప్యాకేజీ చిన్న గ్యాంగ్‌కి బాగా సరిపోతుంది. ఫరహాబాద్ వ్యూ పాయింట్ సఫారీలోనే చూపిస్తారు. మల్లెలతీర్థం జలపాతానికి వందల మెట్లు దిగాలి, అంటే ఎక్కాలి కూడా, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోండి. వానలు తగ్గాక అక్టోబర్, నవంబర్‌లో దాని అందం చూడాలి, వేసవిలో నీళ్లు అంతగా ఉండవు.

రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవి దారి మూసేస్తారు. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయలుదేరదాం అనుకునే గ్యాంగ్‌లు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయేది ఇందుకే. దారిలో కోతులకి చిప్స్, అరటిపండ్లు విసరకండి. అవి రోడ్డు మీదికి అలవాటుపడి బండ్ల కింద పడి చస్తున్నాయి.

పాపికొండలు: మాట్లాడుకోవడం ఆపలేని వాళ్లకి

2008లో నేషనల్ పార్కు అయిన ఈ అడవి 1,012 చదరపు కిలోమీటర్లు. పడవ మీది నుంచి జంతువులు కనిపిస్తాయని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఇక్కడ చూడాల్సింది గోదావరిని. అంత వెడల్పు నది రెండు కొండల మధ్య ఇరుకైపోయి, వంపు తిరిగిన ప్రతిచోటా దారి మూసుకుపోయినట్టు కనిపించి, దగ్గరికి వెళ్లేసరికి తెరుచుకుంటుంది. మన రాష్ట్రాల్లో ప్రకృతి వింత ఒకటే చూపించమంటే నేను చూపించేది ఇదే.

పాత క్లాస్‌మేట్లు చాలా ఏళ్ల తర్వాత కలుస్తుంటే ఈ ట్రిప్ సరైనది. సఫారీ బండిలో మాట్లాడితే తప్పు, పడవ మీద ఆ ఇబ్బంది లేదు. పది పదిహేను మంది ఉన్నా విడిపోవాల్సిన పని లేదు. రాజమండ్రి వైపు నుంచైతే గండిపోచమ్మ దగ్గర, భద్రాచలం వైపు నుంచైతే పోచవరం దగ్గర పడవ ఎక్కుతారు. పేరంటపల్లిలో ఆగుతారు. మరో రోజు చేతిలో ఉంటే రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వెళ్లి, జలతరంగిణి జలపాతం చూసి, బొంగు చికెన్ తిని రండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి మంచి కాలం. వరద ఉంటే పడవలు ఆపేస్తారు.

2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పడవ మునిగి ఎన్నో కుటుంబాలు చెదిరిపోయాయి. తర్వాత కంట్రోల్ రూములు పెట్టి తనిఖీలు కట్టుదిట్టం చేశారు. అయినా లైఫ్ జాకెట్ మీరు అడిగి వేసుకోండి, దిగేదాకా తీయకండి. తాగి పడవ ఎక్కే ఫ్రెండ్‌ని ఒడ్డునే ఆపేయండి, గొడవైనా పర్వాలేదు.

ఎటూ తేలకపోతే

ఆరుగురు లోపు ఉన్నారు, అందరికీ జంతువుల మీద నిజమైన ఇష్టం ఉంది, ఎండకి వెరవరు అంటే తాడోబా. కుటుంబాలు కలిశాయి, డబ్బు చూసుకోవక్కర్లేదు అంటే కబినీ. చేతిలో శని, ఆదివారాలే ఉన్నాయి అంటే నల్లమల. పెద్ద గ్యాంగ్, కబుర్లే ప్రధానం అంటే పాపికొండలు. గ్యాంగ్‌లో ఇద్దరు పులి అని, నలుగురు రిలాక్స్ అవుదామని పట్టుబడితే తాడోబాకి పోకండి. ఆ నలుగురు రెండో రోజు ఉదయం నాలుగున్నరకి లేవరు, వాళ్ల సీట్లు ఖాళీగా పోతాయి.

ఐదారు రోజులు సెలవు దొరికేవాళ్లు ఈ నాలుగూ పక్కన పెట్టి అస్సాంలోని కాజీరంగా చూడటం మంచిది. గువాహటి దాకా ఫ్లైట్, ఆపైన నాలుగైదు గంటల రోడ్డు. ఖడ్గమృగం కనిపిస్తుందా లేదా అన్న అనుమానమే అక్కర్లేదు, 2022 లెక్కలో 2,613 ఉన్నాయి, గడ్డి మైదానంలో పగలే మేస్తూ కనిపిస్తాయి. నవంబర్ నుంచి ఏప్రిల్ లోపు వెళ్లాలి. వానాకాలంలో బ్రహ్మపుత్ర వరద.

ఏది ఎంచుకున్నా పనులు ఈ వరుసలో చేయండి. ముందు మనుషుల లెక్క ఖాయం చేసి, ఒక్కొక్కరి దగ్గర అడ్వాన్స్ తీసుకోండి. డబ్బు ఇవ్వనివాళ్లని లెక్కలోకి వేయకండి. తర్వాత సఫారీ టికెట్లు. అవి ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే కొనండి, దసరా, క్రిస్మస్ సెలవులకి నెలల ముందే అయిపోతాయి. టికెట్ మీద పేరు, నంబరు, చేతిలో ఉన్న ఐడీ కార్డు ఒకటే అయి ఉండాలి, చివర్లో ఒకరి బదులు ఇంకొకరు వెళ్లడం చాలాచోట్ల కుదరదు. సఫారీ దొరికాకే ఆ గేటు దగ్గర రూమ్, ఆ తర్వాతే రైలు టికెట్. బట్టలు ఆకుపచ్చ, మట్టి రంగు, ఖాకీ ఏవైనా సరే. సెంటు కొట్టుకోకండి.

పులి కనిపించినప్పుడు లేచి నిలబడి కేకలు వేసేవాళ్ల వల్ల అది లోపలికి వెళ్లిపోతుంది, వెనక బండివాళ్లు ఎంతో దూరం నుంచి వచ్చి చూడలేకపోతారు. ఇది మీవాళ్లకి గేటు దగ్గర కాకుండా ముందు రోజు రాత్రి భోజనాల దగ్గరే చెప్పండి.